సూరత్ ప్లేగు: 'పలాయనం' అన్న మాట

1994 సెప్టెంబరు మూడవ వారం చివర సూరత్‌లో న్యుమోనిక్ ప్లేగు పొడచూపిందన్న వార్త వెలువడింది. తరువాతి నాలుగైదు రోజులలో నగరాన్ని విడిచి వెళ్ళినవారు రెండు లక్షలని కొందరు, ఆరు లక్షలని మరికొందరు అంచనా వేశారు. 1991 జనగణన నాటికి నగర జనాభా సుమారు పదిహేను లక్షలు. తక్కువ అంచనానే స్వీకరించినా ప్రతి ఏడెనిమిది మందిలో ఒకరు, ఎక్కువ అంచనా నిజమైతే ప్రతి ఐదుగురిలో ఇద్దరు ఇల్లు విడిచారన్నమాట. ఆ వ్యాధి వల్ల దేశమంతటా మరణించినట్లు నమోదైనవారు మాత్రం యాభైకి కొంచెం పైన. ఈ రెండు అంకెల మధ్యనున్న అగాధాన్ని పూడ్చడానికి నాటి పత్రికలూ, ప్రకటనలూ, తరువాత వచ్చిన వ్యాసాలూ ఇంచుమించు ఒకే మాటను ఆశ్రయించాయి. ఆ మాట పలాయనం. భయోత్పాతం, విచక్షణ కోల్పోయిన జనం వంటివి దాని తోబుట్టువులు. సంఘటన జరిగి మూడు దశాబ్దాలు దాటిన తరువాత కూడా సూరత్ పేరు వచ్చినప్పుడల్లా ఆ మాటే ముందు వినిపిస్తున్నది. అది ఏ మేరకు నిజం చెప్పింది, ఏ నిజాన్ని కప్పిపుచ్చింది అన్నది విచారించదగిన విషయం.

తెలుగులో ఈ మాటకు యుద్ధభూమి వాసన ఉంది. వెన్ను చూపినవాణ్ణి గురించి 'పలాయనం చిత్తగించాడు' అని ఎద్దేవా చేయడం మన నుడికారం. నిలబడవలసిన చోట నిలబడనివాడే పలాయితుడు. కనుక ఆ మాట వాడేవారు ముందుగా ఒక ప్రశ్నకు సమాధానం చెప్పవలసి ఉంటుంది: సూరత్‌లో నిలబడవలసిన బాధ్యత ఎవరిది?

వెళ్ళినవారిలో అధిక భాగం ఎవరో తెలియనిది కాదు. మరమగ్గాల మీద, అద్దకపు మిల్లులలో, వజ్రాలు సానపట్టే కార్ఖానాలలో పనిచేయడానికి దూరప్రాంతాల నుంచి వచ్చిన కూలీలు వారు. 1961లో మూడు లక్షలకు లోపున్న నగరం మూడు దశాబ్దాలలో ఐదింతలు కావడానికి కారణం వారి రాకే. సౌరాష్ట్ర నుంచి, మహారాష్ట్రలోని ఖాందేశ్ నుంచి, ఒరిస్సాలోని గంజాం జిల్లా నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవారితో పాటు తెలంగాణ జిల్లాల పద్మశాలి కుటుంబాలు కూడా అక్కడ స్థిరపడ్డాయి. లింబాయత్ ప్రాంతంలో తెలుగు నేతకార్మికుల వాడలు ఉన్నాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడిపింది. మరమగ్గాన్ని 'సాంచ' అని పిలిచే సిరిసిల్ల నుంచి షోలాపూర్‌కు, భివండికి, సూరత్‌కు సాగిన దారి ఒకటే దారి. చేతిమగ్గం కూడు పెట్టనప్పుడు నేతగాడు నడిచిన దారి అది.

ఈ కార్మికులు నివసించిన పరిస్థితిని గమనించకుండా వారి ప్రవర్తనను తూచడం న్యాయం కాదు. ఒకే గదిని పగటి పాళీవారు రాత్రి, రాత్రి పాళీవారు పగలు పంచుకునేవారు. ఆ ఏడాది వర్షాలు విపరీతంగా కురిసి తాపీ నది పొంగింది. లోతట్టున ఉన్న వేడ్ రోడ్డు, కతార్‌గాం ప్రాంతాల బస్తీలలో నీరు నిలిచిపోయింది. పశువుల కళేబరాలు, చెత్త కుప్పలు రోజుల తరబడి అలాగే ఉండిపోయాయి. వ్యాధి మొదట కనిపించింది ఆ బస్తీలలోనే. వార్త పొక్కగానే కార్ఖానాలు, బడులు, సినిమాహాళ్ళు మూతపడ్డాయి. కూలి పనినిబట్టి వచ్చేది. మగ్గం ఆగితే అన్నం ఆగినట్లే. చాలామందికి ఆ ఊళ్ళో రేషన్ కార్డు లేదు, పేరు తెలిసిన వైద్యుడు లేడు, జ్వరం వస్తే నోట్లో నీళ్ళు పోసే మనిషి లేడు. పనీ తిండీ సంరక్షణా మూడూ లేని చోట, వ్యాధి ఒక్కటే ఉన్న చోట, రైలెక్కినవాడు విచక్షణ కోల్పోయినవాడో, విచక్షణను వాడినవాడో ఆలోచించవలసి ఉంది.

దీనికి పక్కనే మరొక నిష్క్రమణ జరిగింది. నగరంలోని ప్రైవేటు వైద్యులలో చాలామంది తమ క్లినిక్కులకు తాళాలు వేసి వెళ్ళిపోయారు. మందుల దుకాణాలు కొన్ని మూతపడ్డాయి. తెరిచి ఉన్నవాటిలో టెట్రాసైక్లిన్ దొరకలేదు. స్థోమత గలవారు తమ వాహనాలలో కుటుంబాలను తరలించారు. కూలివాని ప్రయాణానికీ, వైద్యుని ప్రయాణానికీ ఒకే పేరు పెట్టడంలోనే పలాయనమన్న మాట చేసే అన్యాయం ఉంది. వ్యాధి సమయంలో నిలబడడం వైద్యుని వృత్తిధర్మం. మగ్గం మూతపడిన తరువాత నేతగానికి ఆ ఊళ్ళో నెరవేర్చవలసిన ధర్మమేదీ మిగలలేదు. మరో వంక న్యూ సివిల్ ఆసుపత్రిలో ప్రభుత్వ వైద్యులు, నర్సులు, వార్డు సిబ్బంది రోగుల మధ్యనే ఉండి పనిచేశారు. పారిశుద్ధ్య కార్మికులు వీధుల్లోనే ఉన్నారు. వారి కథ పత్రికల మొదటి పుటలకు ఎక్కింది తక్కువ. రైల్వే స్టేషన్‌లో కిటికీలకు వేలాడే జనం ఫొటోలకు గిరాకీ ఎక్కువ.

ఊరు విడవడం ఈ దేశంలో ప్లేగుకు పాత విరుగుడు. ఎలుకలు రాలిపడగానే ఇళ్ళు ఖాళీచేసి పొలాలలో గుడిసెలు వేసుకొని నెలల తరబడి ఉండిన జ్ఞాపకాలు రాయలసీమ, తెలంగాణ పల్లెల పెద్దల నోట నిన్నమొన్నటి దాకా వినిపించేవి. ఎలుకకూ వ్యాధికీ గల సంబంధం ప్రయోగశాలలు రాకముందే ప్రజల గమనికలో ఉంది. జహంగీరు తన స్వీయచరిత్రలో ఆగ్రా ప్లేగు గురించి రాస్తూ, తూలుతూ వచ్చిన ఒక ఎలుకనూ, దాన్ని నోట కరిచిన పిల్లినీ, ఆ తరువాత ఆ ఇంట్లో వరుసగా సంభవించిన మరణాలనూ ఆసఫ్‌ఖాన్ కుమార్తె చెప్పగా విని నమోదు చేశాడు. ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో బ్రిటిష్ అధికారులు కూడా నిర్బంధ చర్యలు విఫలమైన తరువాత ఊళ్ళు ఖాళీచేయించడమే మేలైన ఉపాయమని అంగీకరించారు. ప్రభుత్వం చేయిస్తే అది 'ఇవాక్యుయేషన్', ప్రజలు తామై చేస్తే అది పలాయనం! సూరత్‌కు ఈ అనుభవం కొత్తది కూడా కాదు. మొగలుల కాలంలో అది ప్రపంచ ప్రసిద్ధమైన రేవుపట్టణంగా ఉన్నప్పుడు, పదిహేడవ శతాబ్దం చివరి దశకాలలో ప్లేగు కొన్నేళ్ళపాటు ఆ ఊరిని పీడించింది. 1689లో అక్కడికి వచ్చిన ఇంగ్లీషు మతాధికారి ఓవింగ్‌టన్ తన యాత్రాగ్రంథంలో దాన్ని ప్రస్తావించాడు.

అయితే అధికారుల ఆందోళనను కొట్టిపారేయడానికీ వీలులేదు. గడ్డల ప్లేగు ఎలుకల మీది ఫ్లీ కీటకాల ద్వారా వ్యాపిస్తుంది. ఎలుకలున్న ఇంటిని విడిచిపెట్టడం దానికి తగిన జాగ్రత్తే. ఊపిరితిత్తులకు సోకే న్యుమోనిక్ ప్లేగు వేరు. అది దగ్గు తుంపరల ద్వారా మనిషి నుంచి మనిషికి నేరుగా పాకుతుంది. తొలి గంటలలోనే సరియైన మందు పడకపోతే రోగి బ్రతకడం దాదాపు అసాధ్యం. అటువంటి వ్యాధి ఉన్న నగరం నుంచి క్రిక్కిరిసిన రైళ్ళలో లక్షల మంది దేశం నలుమూలలకూ వెళ్ళడం చూసి ఆరోగ్యశాఖ ఉలిక్కిపడడంలో తప్పేమీ లేదు. ఆసుపత్రిలో చేరిన రోగులు కొందరు చెప్పకుండా వెళ్ళిపోయారు. వారిని ఆపడానికి కాపలా పెట్టవలసి వచ్చింది. పల్లె పొలిమేర అవతల గుడిసె వేసుకోవడానికీ, బోగీలో వెయ్యి మైళ్ళు పోవడానికీ తేడా ఉందన్న వాదనలో బలం ఉంది. తీరా జరిగినది వేరు. అంతమంది వెళ్ళినా చెప్పుకోదగిన రీతిలో మరే నగరంలోనూ వ్యాధి వేళ్ళూనలేదు. పెద్ద స్టేషన్లలో పరీక్షలు, విస్తృతంగా పంచిన టెట్రాసైక్లిన్ గోలీలు ఇందుకు కొంత కారణం కావచ్చు. అంచనా తప్పినందుకు అధికారులను నిందించవలసిన పని లేదు. ఫలితం తెలిసిన తరువాత కూడా 'వ్యాధిని మోసుకుపోయిన జనం' అన్న చిత్రాన్ని ఎవరూ దిద్దకపోవడమే విమర్శనీయం.

ఆసుపత్రి నుంచి రోగులు తప్పించుకుపోవడం వెనుక కూడా శతాబ్దపు చరిత్ర ఉంది. 1896లో బొంబాయికి ప్లేగు వచ్చినప్పుడు ఇళ్ళలో చొరబడి సోదాలు చేయడం, రోగులను బలవంతంగా క్యాంపులకు తరలించడం, సామాన్లు తగలబెట్టడం జరిగాయి. 1897 నాటి అంటువ్యాధుల చట్టం ఆ చర్యలకు అండగా నిలిచింది. అదే ఏడు జూన్ 22న పూణేలో ప్లేగు అధికారి ర్యాండ్ పై చాపేకర్ సోదరులు కాల్పులు జరిపారు. అదే పూణేలో, అంతకు మూడు నెలల ముందు మార్చి 10న, ప్లేగు రోగులకు సేవచేస్తూ ఆ వ్యాధికే సావిత్రీబాయి ఫూలే బలి అయ్యారు. జనం భయపడినది సూక్ష్మజీవికి మాత్రమే కాదు, తలుపు తట్టే చేతికి కూడా. సూరత్‌లో తొలిరోజు నీటిలో ఎవరో విషం కలిపారన్న పుకారు లేచింది. రెండేళ్ళ క్రితం, 1992 డిసెంబరులో, ఘోరమైన మతకలహాలను చూసిన నగరమది. పుకారును మూఢత్వమని తోసిపుచ్చడం సులభం. పాలకుల మాట మీద నమ్మకం సన్నగిల్లిన చోటనే అది మొలుస్తుందన్న సంగతి మన పరిపాలనా నివేదికలలో అరుదుగా కనిపిస్తుంది.

ఈ విషయంలో నివేదికల కంటే సాహిత్యం ముందున్నది. రాజిందర్ సింగ్ బేదీ ఉర్దూ కథ 'క్వారంటీన్'లో ప్లేగు కంటే క్వారంటీన్ భయమే ఎక్కువ మందిని చంపిందని కథ చెప్పే డాక్టరే ఒప్పుకుంటాడు. రోగుల మధ్య తిరిగి, శవాలు మోసి, చివరకు భార్యనే పోగొట్టుకున్నవాడు భాగో అనే పారిశుద్ధ్య కార్మికుడు. సభ జరిగేదీ దండలు పడేదీ డాక్టరుకు. ఆ డాక్టరు సిగ్గుపడతాడు గాని దండలు తిప్పి పంపడు. ఈ ఒక్క వివరంలో ఉన్న సత్యం చాలా నివేదికలలో లేదు.

మహమ్మారి సాహిత్యమనగానే అందరూ ముందుగా తలచేది 1947లో వచ్చిన ఆల్బేర్ కామూ నవల 'ప్లేగు'ను. సూరత్ గురించి రాసినవారిలో కూడా దాన్ని ఉదాహరించినవారు ఉన్నారు. కాని ఆ పోలిక సూరత్‌కు అతకదు. కామూ నగరం ఒరాన్‌కు ద్వారాలు మూస్తారు. లోపల చిక్కుబడినవారిలో ఎవరు నిలబడతారు, ఎవరు తప్పించుకోజూస్తారు అన్నదే అక్కడి నైతిక సమస్య. పత్రికా విలేఖరి రాంబేర్ దొంగదారిన బయటపడే ఏర్పాట్లన్నీ చేసుకొని చివరి ఘడియలో ఉండిపోతాడు. అది ఉదాత్తమైన ఘట్టమే. అయితే ఉండిపోవడానికి తిండీ గదీ స్నేహితుడైన వైద్యుడూ అతనికి ఉన్నారు. ఒరాన్‌లోని అరబ్బు పేదలు ఆ నవలలో దాదాపు కనబడరన్నది ఎందరో విమర్శకులు ఎత్తిచూపిన లోపం. సూరత్‌ను కామూ కళ్ళతో చూసినవారు ఆ నవలలోని ఔన్నత్యంతో పాటు ఆ లోపాన్ని కూడా అరువు తెచ్చుకున్నారు.

సూరత్‌కు దగ్గరగా వచ్చేది అంతకంటే పాత గ్రంథం: డానియల్ డిఫో 1722లో ప్రకటించిన 'ప్లేగు సంవత్సరపు దినచర్య'. 1665 నాటి లండన్ ప్లేగును కథగా చెప్పిన ఆ పుస్తకంలో కథకుడు ఉండాలా పోవాలా అని కొంతసేపు తర్కించుకొని ఉండిపోతాడు. అతనికి ఇల్లూ వ్యాపారమూ ఉన్నాయి. ఆ పుస్తకం నడుమ ముగ్గురు శ్రామికుల కథ వస్తుంది. ఒకడు బిస్కట్లు కాల్చేవాడు, ఒకడు తెరచాపలు కుట్టేవాడు, ఒకడు వడ్రంగి. పనులు పోయాయి, ఇల్లుగలవాళ్ళు ఉంచుకోరు, పోదామంటే దారిలోని ఊళ్ళు రానివ్వవు. రాజమార్గం మీద నడిచే హక్కు తమకు లేదా అని వాళ్ళు వాదించుకుంటారు. గుడారం, కొద్దిపాటి పనిముట్లు సమకూర్చుకొని బయలుదేరుతారు. ఊరి పొలిమేరల్లో కావలివాళ్ళతో బేరాలాడుతారు, బుకాయిస్తారు, నెమ్మదిగా నమ్మకం సంపాదిస్తారు. వాళ్ళను వీరులుగా చూపాలన్న తాపత్రయం డిఫోకు లేదు, పిరికివాళ్ళన్న తీర్పూ లేదు. ఆలోచించి అడుగు వేసే మనుషులుగా చూపాడు. సూరత్ మీద వెలువడిన వేలాది పుటలలో ఇటువంటి ముగ్గురి సంభాషణ ఒక్కటి కనబడితే పలాయనమన్న మాట ఇంత సులభంగా చలామణీ అయ్యేది కాదు.

యు. ఆర్. అనంతమూర్తి కన్నడ నవల 'సంస్కార' (1965) మరొక పార్శ్వాన్ని చూపుతుంది. అగ్రహారంలో ఎలుకలు చస్తున్నాయి, ఇళ్ళ మీద రాబందులు వాలుతున్నాయి. బ్రాహ్మణులు జేగంటలు మోగించి రాబందులను తోలుతున్నారే గాని కళ్ళ ముందున్నదాన్ని గుర్తించరు. నారణప్ప శవానికి ఎవరు సంస్కారం చేయాలన్న ధర్మమీమాంసలో మునిగిపోతారు. పక్కనే దళితుల గుడిసెలలో చావులు మొదలై, గుడిసెతో సహా శవాలను కాల్చుకుంటున్నా ఆ వార్త అగ్రహారానికి వార్త కాదు. శాస్త్రజ్ఞానం గలవారే గుర్తించలేకపోవడం 1994లోనూ మరో రూపంలో జరిగింది. ఆగస్టులో మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో గడ్డల ప్లేగు కనిపించింది. ముందు ఏడాది సెప్టెంబరు 30న లాతూరు, ఉస్మానాబాదు జిల్లాలను కుదిపిన భూకంపం తరువాత ఖాళీపడిన ఇళ్ళలో ధాన్యమూ, ధాన్యంతో పాటు ఎలుకలూ ఉండిపోయాయన్నది దానికి చెప్పిన కారణాలలో ఒకటి. ఆ హెచ్చరిక అందిన తరువాత కూడా సూరత్ వీధుల కుప్పలు కదలలేదు. మీమాంస మాత్రం నెలల తరబడి సాగింది: ఇది ప్లేగా, మెలియాయిడోసిసా, మరేదైనా వైరసా? కేంద్రప్రభుత్వం నియమించిన సాంకేతిక సలహా సంఘానికి అధ్యక్షత వహించినవారు శ్రీకాకుళంలో జన్మించి విశాఖ ఆంధ్ర వైద్యకళాశాలలో చదివిన ఆచార్య ఉలిమిరి రామలింగస్వామి. ఆ సంఘం ప్లేగేనన్న నిర్ణయానికి వచ్చినా సందేహాలు సమసిపోలేదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు సూక్ష్మజీవి జన్యుపదార్థాన్ని పరిశీలించి 2000లో ప్రకటించిన అధ్యయనం అది యెర్సీనియా పెస్టిసేనని తేల్చింది.

శాస్త్ర చర్చ అవసరమే. కాని వ్యాధి పేరు మీద నిపుణులకే ఏకీభావం కుదరని రోజులలో బస్తీవాసి తొందరపడ్డాడని ఆక్షేపించడంలో ఔచిత్యం లేదు. ఈ సంగతిని గ్రహించిన గ్రంథంగా ఘనశ్యామ్ షా 1997లో ప్రకటించిన సూరత్ ప్లేగు అధ్యయనం పేర్కొనదగినది. ప్లేగును వైద్యరంగపు ఆకస్మిక ఘటనగా కాక నగరాభివృద్ధి చరిత్రలో ఒక అధ్యాయంగా ఆయన చూశారు. కూలీలను పిలిచి వారికి మురుగుకాలువ ఇవ్వని నగరం తెచ్చుకున్న కష్టంగా చూశారు. ఆ గ్రంథంలో సామాజిక శాస్త్రవేత్త పరిశ్రమ ఉంది. ఒక కుటుంబం మూట కట్టుకున్న రాత్రి అందులో లేదు. అది సామాజిక శాస్త్రం పని కాదు, కథకుని పని.

తరువాతి కథ తరచుగా చెప్పుకునేదే. 1995 మే నెలలో నగరపాలక కమిషనర్‌గా వచ్చిన ఎస్. ఆర్. రావు అధికారులను చల్లని గదుల నుంచి ప్రతి ఉదయం వీధులకు నడిపించారు, అధికారాలను మండలాలకు పంచారు, అక్రమ కట్టడాలను పెద్దవారివైనా కూల్చారు. మరుసటి ఏడాదికే ఇన్‌టాక్ సంస్థ పరిశీలనలో చండీగఢ్ తరువాత పరిశుభ్రమైన నగరంగా సూరత్ నిలిచింది. హైదరాబాదు చరిత్ర తెలిసినవారికి ఈ క్రమం పరిచితమే: 1908లో మూసీ వరద, 1911లో ప్లేగు, 1912లో నగరాభివృద్ధి మండలి. ఇరుకు బస్తీల జోలికి పాలన వెళ్ళడానికి మన నగరాలకు ఒక వరదా ఒక మారీ కావలసి వచ్చాయి. సూరత్‌లో చీపురు పట్టినవారికి దక్కవలసిన పేరు ఎంతవరకు దక్కిందో చెప్పడానికి బేదీ కథ ఒకటి చాలు.

2020లో ఇదే నగరం మరో మారిని ఎదుర్కొన్నది. ఈసారి కదలవద్దన్నారు. మార్చి 25 నుంచి దేశమంతా దిగ్బంధం. అమలుకు ఆసరాలలో ఒకటి మళ్ళీ 1897 నాటి చట్టమే. మగ్గాలు ఆగాయి, కూలి ఆగింది. ఏప్రిల్ 10వ తేదీ రాత్రి సూరత్ మరమగ్గాల కార్మికులు తమను సొంత ఊళ్ళకు పంపమంటూ వీధుల్లోకి వచ్చారు, వారిలో అధికులు ఒరిస్సా వారు. పోలీసు కేసులు నమోదయ్యాయి. 1994లో వెళ్ళినందుకు నింద, 2020లో వెళ్తామన్నందుకు కేసు. మే 1వ తేదీన తొలి శ్రామిక రైలు తెలంగాణలోని లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరిన తరువాతే వెళ్ళడం హక్కుగా, పంపడం బాధ్యతగా ప్రకటనలలోకి ఎక్కింది. పాతికేళ్ళ వ్యవధిలో మారినది కార్మికుని పరిస్థితి కాదు. అదే గది, అదే పాళీ, అదే కూలి లెక్క. ప్రభుత్వ పరిభాషలో 'పలాయితులు' అన్నవారు 'వలస శ్రామికులు' అయ్యారు.

ఈ మార్పుకు తెలుగు సాహిత్యం చేసిన దోహదం స్వల్పం. మగ్గం మీద, నేతగాని ఆకలి మీద, ఆత్మహత్యల మీద తెలుగులో కవిత్వమూ కథలూ వచ్చాయి. లింబాయత్ గదులలో 1994 సెప్టెంబరు చివరి వారం ఎలా గడిచిందో, కుటుంబంలో ఎవరు పోదామన్నారో ఎవరు ఉందామన్నారో, ఊరికి చేరినప్పుడు పొలిమేరలో ఎవరు ఎదురువచ్చి ఏమడిగారో, కొద్ది వారాలకే మళ్ళీ సాంచ దగ్గరకు ఏ ధైర్యంతో తిరిగివచ్చారో చెప్పే రచనకు తెలుగులో పేరు రాలేదు. నాడు ఇరవై ఏళ్ళ వయసున్న కార్మికులు ఇప్పుడు యాభై దాటారు. వారిలో అనేకులు ఇంకా అదే నగరంలో ఉన్నారు. తెలుగు మాధ్యమ బడులలో చదివిన వారి పిల్లలు ఇంట తెలుగు, వీధిలో గుజరాతీ, హిందీ మాట్లాడతారు. వారి ముందు టేప్‌రికార్డరో నోటుపుస్తకమో పెట్టి కూర్చోవలసిన పని అకాడమీలకూ విశ్వవిద్యాలయ చరిత్ర శాఖలకూ ఇంకా మిగిలే ఉంది.